వినుట నేర్పని చదువు

విదేశవిద్య కోరు మన యువతీయువకులకు ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అను నాంగ్లభాషాపరీక్ష యొకటి కలదని చదువరు లెఱిఁగినదే. 1989లో నీ పేరుతో నారంభమైన యీ పరీక్షకు వినుట, చదువుట, వ్రాయుట, మాటాడుట యను నాలుగు భాగములు గలవు. తక్కిన మూఁటిని గూర్చి యింటింటఁ జర్చ జరుగుచున్నది. మొదటిదానిని మాత్రము "చెవులున్నవి గదా, వినుట కేమి" యని తేలికగాఁ ద్రోసివేయుచున్నారు. ఈ తలంపును నమ్ముకొని బ్రదుకు వర్తకమొకటి మన పట్టణములలోఁ బెరిగినది. దానిని గూర్చియే మేము కొంత కటువుగాఁ జెప్పఁదలఁచితిమి.

శ్రవణపరీక్ష సుమారు 30 నిమిషములు; ప్రశ్నలు 40. మొదట నిద్దఱి నిత్యవ్యవహారసంభాషణము, పిదప నొక్కరి ప్రసంగము, ఆపై విద్యావిషయకమైన చర్చ, కడపట నొక యుపన్యాసము. దేనినైనను ఒక్కసారియే వినిపింతురు. బ్రిటను, ఆస్ట్రేలియా, న్యూజిలాండు, ఉత్తర అమెరికా యాసలు వానిలో వినవచ్చును. వర్ణక్రమము చెడినచో సమాధానము తప్పే. రెండు పదములకు మించరాదన్నచోట మూడు వ్రాసినను తప్పే. వక్త మంగళవారమని చెప్పి, మఱుక్షణమే "కాదు, గురువారము" అని దిద్దుకొనును. మొదటి మాట వ్రాసికొని సంతోషించిన విద్యార్థి యక్కడనే చెడును.

దీనికి శిక్షణాలయములలోఁ బెక్కింట నేర్పున దేమి? కిటుకులు! 'బట్' అను మాట వెనుకనే సమాధాన ముండునఁట. ఖాళీని చూచినంతనే యచ్చటికి రావలసిన పదము నూహింపవచ్చునఁట. పాత ప్రశ్నపత్రములనే మరల మరల వినిపించి, సమాధానములు కంఠస్థమైన పిదప, మీవాని కెనిమిదవ శ్రేణి వచ్చినదని తల్లిదండ్రులకుఁ జూపుదురు. ప్రశ్నలను ముందుగాఁ జదువుకొనుటకుఁ బరీక్షలోనే వ్యవధి యిత్తురు గావున నూహ కొంత యుపకరించుననుట నిజమే. కాని చెవికి సోఁకని మాట నూహ యెట్లు పట్టఁగలదు? ఒకవేళ కిటుకుతో గట్టెక్కినను, మఱునాఁడు మెల్‌బోర్నులోనో మాంచెస్టరులోనో ఉపన్యాసశాలలోఁ గూర్చుండి, గంటసేపు చెప్పిన పాఠములో సగము తెలియక తెల్లమొగము వేయు బిడ్డకు ఏ శిక్షణాలయము వచ్చి చెప్పును?

తప్పు మూలమున నున్నది. మన పిల్లలు పండ్రెండేండ్లు ఇంగ్లీషును కంటితో నేర్చుచున్నారు. తెలుఁగు అజంతభాష. ప్రతి యక్షరమును నిండుగాఁ బలుకుట మన సంప్రదాయము. రోడ్డు, బస్సు, బ్యాంకు అని పరభాషాపదములకు సైతము అచ్చు తగిలించి మనవానిగాఁ జేసికొంటిమి. అది లోపము కాదు, భాషాస్వభావము. ఆంగ్లేయుఁడో, పదములో నొక భాగముపై ఊనిక వేసి తక్కినదానిని మ్రింగును. మనవాఁ డెఱిఁగిన 'కంఫర్టబుల్' వాని నోట 'కంఫ్‌టబ్ల్' అగును. 'అండ్' అనునది పెక్కుచోట్ల వట్టి 'న్'గా మిగులును. తెలిసిన మాటనే గుర్తుపట్టలేక మనవాఁడు వక్త వేగమును నిందించును.

ఈ చిక్కు మనకే పట్టినది కాదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఉత్తరసర్కారులలోఁ బాఠశాలాపరీక్షాధికారిగా నుండిన యేట్సుదొర, పుస్తకముల తెలుఁగు నేర్చియు, జనుల నోటి తెలుఁగు వేఱుగా నుండుటఁ జూచి పండితులను ప్రశ్నించెను. గిడుగు రామమూర్తిగారి వ్యావహారికభాషోద్యమమున కదియొక ప్రేరణ. ఆ గిడుగువారే, లిపి లేని సవరభాషను సవరల నోటనే విని నేర్చి, 1931లో దానిని గూర్చిన గ్రంథమును వెలువరించిరి. గ్రాంథికమున వ్రాయుచు గిడుగువారిని సాక్షిగాఁ బిలుచుట చూచి చదువరులు నవ్వుదురు గాక, సాక్ష్యము గట్టిది. వేదమునకు శ్రుతియని, విద్వాంసునకు బహుశ్రుతుఁడని పేరిడిన దేశమున, చెవి చదువునకుఁ బనికిరానిదైపోవుట వింత కాదా?

సాధన సులభమే, కాని ఓపిక కావలయును. రెండు నిమిషముల ప్రసంగము నొకదానిని గ్రంథపాఠము చూడక వినవలయును. రెండవమాఱు విన్నది విన్నట్లు వ్రాయవలయును. అటుపిమ్మటఁ బాఠముతోఁ బోల్చి, చెవి యెచ్చట జాఱినదో గుర్తించి, ఆ వాక్యమును వక్తవలెనే పైకిఁ బలుకవలయును. నోరు తిరిగిన మాటను చెవి సులభముగాఁ బట్టును. దినమున కరగంట చొప్పునఁ గొన్ని నెలలు చాలును. బి.బి.సి. మొదలగు సంస్థల పాఠములు వెల లేకయే లభించుచున్నవి. పరీక్షకో, ప్రతిమాఱును వేలకొలఁది రూపాయలు చెల్లింపవలయును. వచ్చిన ఫలము రెండేండ్లే చెల్లును.

ఇఁక గృహములలోని సంగతి. కుమారునకు అప్పు చేసియైనను అమీరుపేటలో బస, శిక్షణ యేర్పఱుతురు. అదే పరీక్షకుఁ గూర్చున్న కుమార్తెను, ఇయర్‌ఫోనులు చెవినిఁ బెట్టుకొన్న యైదు నిమిషములకే, పాలు పొంగుచున్నవని పిలుతురు. ఒక్కసారి తప్ప వినరాని పరీక్షకు, ఎడతెగని యేకాగ్రత నభ్యసింపవలసిన పిల్లను పదిమాఱులు లేపి, ఫలము తగ్గినప్పుడు "దాని బుద్ధి యింతే" యనుట అన్యాయము. ఆ యరగంటసేపు పొయ్యియొద్ద అన్నగారు నిలువవచ్చును.