చిప్ పక్కన బిందె

చండ్రుగొండ చుట్టుపక్కల రైతుకి మొబైల్ స్టార్టర్ అంటే షోకు కాదు. డబ్బాలో సిమ్ ఉంటుంది, ఇంట్లోంచి కాల్ కొడితే బావి దగ్గర మోటారు ఆన్. అడవి అంచున రాత్రిపూట పాములు, పందులు తిరిగే గట్ల మీద టార్చి పట్టుకుని నడిచే పని తప్పుతుంది. ఆ బోర్డు మొరాయిస్తే మళ్లీ నడకే.

ఈమధ్య నా టేబుల్ మీదికి అలాంటిదే ఒకటి వచ్చింది. (కంపెనీ పేరు అడక్కండి.) ఇక్కడ బుద్ధిగా పనిచేస్తుంది. పొలంలో పెడితే మాత్రం కాల్ వచ్చిన ప్రతిసారీ రీసెట్!

తేడా అంతా టవర్ దూరంలో ఉంది. టవర్ దగ్గరుంటే 2జీ మాడ్యూల్ మెల్లగా మాట్లాడుతుంది. దూరమైతే గొంతు చించుకుని అరుస్తుంది. ఆ అరుపు ఒక్కోటీ 0.577 మిల్లీసెకన్లే, కానీ సెకనుకి 217 సార్లు. అరిచిన ప్రతిసారీ దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. స్పీకర్ పక్కన పాత ఫోన్ పెడితే వచ్చే 'టటట్ టటట్' గుర్తుందా? అదే ఇది.

సప్లై దూరంగా, తీగ సన్నగా ఉంటే ఆ క్షణంలో వోల్టేజి పడిపోతుంది. వీధి చివర బోరింగు ఉన్నా వంటింట్లో బిందె ఎందుకు పెట్టుకుంటాం? పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే బోరింగు దాకా పరిగెత్తలేం కదా. డీకప్లింగ్ కెపాసిటర్ ఆ బిందె.

ఈ బోర్డులో బిందె లేక కాదు, రెండంగుళాల అవతల ఉంది. రాగి దారి మిల్లీమీటరుకి సుమారు 1 నానోహెన్రీ చొప్పున అడ్డం పడుతుంది. మెరుపు వేగంతో కరెంటు అడిగే చిప్‌కి అది ఊరి బయట బావే. అందుకే కంట్రోలర్ కాళ్లకి ఆనించి 104 అని రాసుండే బుల్లి సిరామిక్ పెట్టాను (10 పక్కన నాలుగు సున్నాలు, పికోఫారడ్లలో, అంటే 0.1 మైక్రోఫారడ్). మాడ్యూల్ పక్కన 1000 మైక్రోఫారడ్లది. లెక్కేస్తే ఆ 2 ఆంపియర్ల భారం మొత్తం అదొక్కటే మోస్తే ఒక వోల్టు పైనే పడుతుంది. కాబట్టి సప్లై తీగ కూడా లావుగా ఉండాల్సిందే.

ఇక రేడియో గోల కంట్రోలర్‌కి అంటకుండా చూడాలి. చాలామంది ఫెర్రైట్ బీడ్ ఒకటి వేసి చేతులు దులుపుకుంటారు. అది మెగాహెర్ట్జ్‌ల గోలని ఆపుతుందిగానీ, 217 సార్ల కుదుపుని ఆపలేదు. కంట్రోలర్‌కి వేరే రెగ్యులేటర్ ఇస్తేనే పని జరిగింది.

మల్టీలేయర్ బోర్డు డిజైన్ చేసే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట: పవర్ ప్లేన్లని విడగొట్టండి, గ్రౌండ్ ప్లేన్‌ని మాత్రం ముక్కలు చెయ్యకండి. సిగ్నల్ కింద గ్రౌండ్ తెగితే తిరుగు కరెంటు చుట్టూ తిరిగొస్తుంది, ఆ చుట్టే యాంటెన్నా అయి కూర్చుంటుంది. నాయిజ్ తగ్గిద్దామని గ్రౌండ్ కోసి నాయిజ్ పెంచుకున్న బోర్డులు బోలెడు చూశాను.

బోర్డు మళ్లీ పొలానికెళ్లింది. కాల్‌కి పలుకుతోంది. మీరూ అలాంటి డబ్బా విప్పాలనుకుంటే ముందు మెయిన్ తీసెయ్యండి, లోపల ఉండేది త్రీఫేజ్ 415 వోల్టులు. మోటారు కెపాసిటర్ ఉంటే కరెంటు తీశాక కూడా అందులో కాసేపు చార్జ్ నిలిచే ఉంటుంది, వెంటనే చెయ్యి పెట్టకండి.