డాక్టరు తాతయ్య కబుర్లు: కొండెక్కిన ఆవు గుండె

పిల్లలూ! పోయిన వేసవిలో కొలరాడో వెళ్ళొచ్చిన మా మనవరాలు కొండ మీద మేసే ఆవుల ఫొటోలు చూపించి, "తాతయ్యా, అంత ఎత్తులో నాకే ఆయాసం వచ్చింది. వీటికి రాదా?" అంది.

వస్తుందమ్మా. కొన్నిటికి ప్రాణం మీదికే వస్తుంది. 8,000 అడుగులు దాటాక గాలిలో ఆక్సిజన్ పలచబడి, ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. మనకీ అంతేగానీ, ఆవుకి ఆ నాళాల గోడల్లో కండ మందం కాబట్టి మరీ ఎక్కువ. ఆ ఇరుకులోకి రక్తాన్ని తోయాల్సింది గుండె కుడి గది. పాపం, అది ఎడమ గదిలా మోటు పనికి పుట్టింది కాదు. కొన్నాళ్ళు కండ పెంచుకుని నెట్టుకొస్తుంది. తరువాత సాగిపోయి చేతులెత్తేస్తుంది. అప్పుడు గంగడోలూ రొమ్మూ నీరు పట్టి వాస్తాయి. కొలరాడోలో ఈ జబ్బుని గ్లోవర్, న్యూసమ్ అనే ఇద్దరు 1915లోనే వర్ణించారు. మొదట చెయ్యాల్సిన వైద్యం, ఆవుని కొండ దించడం!

మనుషుల్లో దీనికి దగ్గరి చుట్టం పల్మనరీ హైపర్‌టెన్షన్. ఆయాసాన్ని ఆస్తమా అనుకుని ఏళ్ళు గడిపేసేవాళ్ళున్నారు, పెద్దలు గమనించాలి. నాళాలను వదులు చేసే మందులున్నాయి. సిల్డెనఫిల్‌కి ఈ జబ్బు కోసం అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. అలిసిన కుడి గదిని నేరుగా బాగుచేసే నమ్మకమైన మందు మాత్రం ఇంకా లేదు.

పరిశోధన ఎక్కువగా ఎలుకలతోనే జరుగుతుంది. కానీ ఎలుక గుండె నిమిషానికి 300 సార్లకు పైనే కొట్టుకుంటుంది. మనకి వాడే గొట్టాలూ, పంపులూ అందులో పట్టవు. అందుకే గొర్రెలు, పందులు, దూడలు. గొర్రెలకీ పందులకీ ఊపిరితిత్తుల ధమని చుట్టూ పట్టీ బిగించి కుడి గది మీద బరువు పెడతారు. లేగదూడలనైతే పలచని గాలి నింపిన గదిలో ఉంచుతారు. రెండు వారాలకే పీడనం విపరీతంగా పెరుగుతుంది.

"తరువాత వాటిని కిందికి దించుతారా?" అంది మనవరాలు, మొహం చిన్నబుచ్చుకుని.

అబద్ధం చెప్పలేకపోయాను. చాలావాటిని చివరికి నొప్పి తెలియకుండా చంపి గుండెని పరీక్షిస్తారు. ముందుగా కమిటీ అనుమతి ఉండాలనీ, వీలైనన్ని తక్కువ జంతువులతో సరిపెట్టాలనీ నియమాలున్నాయన్నాను. నాలుగు మెట్లెక్కలేక పసిబిడ్డని భర్త చేతికిచ్చి కూలబడిపోయిన ఒక పడుచు తల్లి సంగతీ చెప్పాను, నేను వైద్యం చేసిన మనిషే. అంతా విని, "ఆవిడ బతకాలి తాతయ్యా. కానీ దూడ కూడా..." అని ఆగిపోయింది.

నా దగ్గర జవాబు లేదు. మీరేమంటారో రాసి పంపండి. తెలుగులో రాస్తే మరీ సంతోషం.