గ్లౌజు లోపలి విషం

జపాన్‌లోని ఫుకుయ్‌లో రంగుల ముడిసరుకు తయారుచేసే ఒక కర్మాగారంలో ఐదుగురికి మూత్రాశయ క్యాన్సర్ సోకినట్లు 2015లో బయటపడింది. అందరూ ఆర్థో టొలుయిడిన్ అనే ఆరోమాటిక్ అమీన్‌తో పనిచేసినవారే. అధికారులు వెళ్లి గాలిలో ఆ రసాయనాన్ని కొలిస్తే అనుమతించిన పరిమితికి చాలా దిగువనే ఉంది. జాడ దొరికింది రబ్బరు గ్లౌజుల లోపల. రసాయనం అంటిన గ్లౌజులను కడిగి మళ్లీ తొడుక్కోవడం అక్కడ అలవాటు. లోపలివైపు మిగిలిన విషం షిఫ్టంతా చర్మంలోకి ఇంకుతూనే ఉండేది. పని దిగాక పరీక్షిస్తే వారి మూత్రంలో అది స్పష్టంగా కనిపించింది. గాలి లెక్క చూసి కార్మికుడు క్షేమమని సంతకం పెట్టే తనిఖీ ఎంత గుడ్డిదో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అమీన్లు వాడే ప్రతి కర్మాగారంలోనూ మూత్ర పరీక్షను తప్పనిసరి చేయాలి. పని మానేసిన వారికీ దాన్ని కొనసాగించాలి.

ఇది కొత్తగా తెలిసిన ప్రమాదం కాదు. ఫ్యూక్సిన్ రంగు తయారుచేసే కార్మికుల్లో మూత్రాశయ కణుతులను జర్మన్ సర్జన్ లుడ్విగ్ రేన్ 1895లోనే గుర్తించారు. అమెరికాలో నయాగరా ఫాల్స్ దగ్గరి రబ్బరు రసాయనాల ప్లాంటులో నాలుగు కేసులైనా ఉండవనుకున్న చోట పదమూడు తేలాయని 1991లో వెలువడిన అధ్యయనం చెప్పింది. మన దేశం బెంజిడిన్ రంగులను 1993లో నిషేధించి మంచి పని చేసింది. కానీ ఒక పేరును నిషేధించినంత మాత్రాన ఆరోమాటిక్ అమీన్ల కుటుంబం మొత్తం పోదు. ఈ అమీన్లను శరీరం విసర్జించే క్రమంలో కాలేయం వాటిని మారుస్తుంది. మారిన పదార్థం మూత్రాశయంలో గంటల తరబడి నిలిచి, అక్కడి కణాల డీఎన్ఏకు అతుక్కుంటుంది. కణితి తేలడానికి పదేళ్లు పట్టవచ్చు, ముప్పై ఏళ్లూ పట్టవచ్చు.

ఈ జబ్బు బీడీ, సిగరెట్ల వల్లే వస్తుందని యాజమాన్యాలు వాదిస్తాయి. పొగాకు పొగలోనూ ఉన్నవి ఇవే అమీన్లు. పొగ తాగేవాడికి ముప్పు ఎక్కువైతే అతన్ని మరింత జాగ్రత్తగా కాపాడాలి తప్ప, నేరం అతని నెత్తిన రుద్దకూడదు. చిన్న యూనిట్లు ఖర్చు భరించలేవన్నది మరో మాట. ఇందులో కొంత నిజముంది. అందుకే పారిశ్రామికవాడకొక ఉమ్మడి పరీక్షా కేంద్రం పెట్టాలి. అయినా, వాడిన గ్లౌజు పారేసి కొత్తది ఇవ్వలేని యూనిట్‌కు ఈ రసాయనం ముట్టుకునే అర్హత లేదు.

పని వదిలాక కూడా ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలని, భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41సీ సెక్షన్ చెప్పింది. కొత్త కార్మిక స్మృతుల కింద రాసే నియమాల్లో ఆ హామీ ఒక్క అక్షరమూ జారిపోకూడదు. పటాన్‌చెరులోనో పరవాడలోనో నాలుగేళ్లు డ్రమ్ములు మోసి ఊరికి పోయిన కాంట్రాక్టు కూలీకి ఏ రసాయనం తాకిందో రాసిన కాగితం అతని చేతికే ఇవ్వాలి. ఇరవై ఏళ్ల తర్వాత నొప్పి లేకుండా మూత్రంలో నెత్తురు పడితే డాక్టరు ముందు పెట్టడానికి అతని దగ్గర ఉండేది అదొక్కటే.