వీసాలో వృత్తి ఏమని రాశారు? డబ్బు కట్టే ముందే చూడండి

2025 సెప్టెంబర్ 21 నుంచి అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల ఫీజు పెట్టింది. టీవీల్లో చర్చలే చర్చలు. కానీ మార్కాపురం, గిద్దలూరు వైపు మన ఇళ్లలో వీసా అంటే ఎక్కువగా సౌదీ, కువైట్, దుబాయే. పలకల పని తగ్గింది, సేద్యానికి నీళ్లు లేవు. వైరింగో, ఏసీ రిపేరో నేర్చిన పిల్లోడికి 'వీసా వచ్చింది' అని ఏజెంట్ ఫోన్ చేస్తే ఇంట్లో మొదట అడిగేది జీతం ఎంతని. అంతకంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. వీసాలో వృత్తి ఏమని రాశారు? కఫీల్ ఎవరు?

సౌదీలో 2021 మార్చి 14న అమల్లోకి వచ్చిన మార్పులు అందరికీ వర్తించవు. కంపెనీ కార్మికుడైతే ఏడాది పూర్తయ్యాక నోటీసిచ్చి, కఫీల్ ఒప్పుకోకపోయినా వేరే కంపెనీకి మారొచ్చు. వరుసగా మూడు నెలలు జీతం ఇవ్వకపోతే ఏడాది ఆగక్కర్లేదు కూడా. ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు, తోటమాలులు, వ్యవసాయ కూలీలు, గొర్రెల కాపరులు మాత్రం ఈ మార్పుల బయటే ఉండిపోయారు. 'ఇప్పటికి హౌస్ డ్రైవర్ వీసా మీద పో, అక్కడికెళ్లాక మార్పిస్తా' అన్న మాట నమ్మి ఎలక్ట్రీషియన్ విమానం ఎక్కితే పోగొట్టుకునేది ఆ హక్కునే.

ఇక ఆజాద్ వీసా. పేరులో ఉన్న ఆజాదీ కాగితంలో ఉండదు. చట్టంలో అలాంటి వీసానే లేదు. ఎవరో ఒక కఫీల్ పేరు మీదే తీస్తారు, అతనికి డబ్బు కడుతూ బయట పని చూసుకోవాలి. తనిఖీలో దొరికితే జరిమానా, ఆపైన డిపోర్ట్. కఫీల్ హురూబ్ పెట్టాడంటే, అంటే పని వదిలి పారిపోయాడని రాయించాడంటే, ఇఖామా ఉన్నా లేనట్టే. జీతం రాలేదని ఫిర్యాదు చేద్దామన్నా, పని చేయించుకున్న మనిషి పేరు ఏ కాగితంలోనూ ఉండదు!

కామర్స్ చదివినవాణ్ని, లెక్క కూడా చెబుతాను. లైసెన్సు ఉన్న ఏజెంట్ తీసుకోగల సర్వీస్ చార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. మెడికల్, టికెట్ వేరే అనుకున్నా, అమ్మీ గాజులు కుదువబెట్టి లక్షన్నర కట్టమంటే మిగతాది దేనికో రాసిమ్మనండి. లైసెన్సు నిజమో కాదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో తెలుస్తుంది. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంట్‌కు చట్టంలో చోటు లేదు, ఎంత తెలిసిన భాయ్ అయినా సరే. టెన్త్ పాస్ కానివాళ్లకు సౌదీ సహా 18 దేశాలకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దాన్ని తప్పించడానికే విజిట్ వీసా అంటారు, ఆ వీసా మీద పని చేయడం నేరం.

ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ లాంటి పనులకు సౌదీ ఇప్పుడు ఇండియాలోనే స్కిల్ టెస్ట్ పెడుతోంది. ఖర్చు, తిరుగుడు అని చాలామంది విసుక్కుంటున్నారు. నాకైతే మంచిదే అనిపిస్తోంది. ఏ పనికి టెస్ట్ పాసయ్యాడో ఆ పనే వీసాలో ఉండాలని అడగడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది గదా.

వీసా అరబీలో ఉంటుందని భయపడొద్దు. ఖురాన్ చదివే ఇంట్లో ఆ అక్షరాలు ఎవరో ఒకరికి వస్తాయి. 'మిహ్నా' అన్న చోట చూడండి. 'కహర్‌బాయీ' అంటే ఎలక్ట్రీషియన్. 'సాయిఖ్ ఖాస్' అని ఉంటే అది ఇంటి డ్రైవర్ వీసా.