అందరికి ఆరోగ్యబీమా: మన శాసనసభ్యుల కర్తవ్యము

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము రాష్ట్రమందలి ప్రజలెల్లరికి ఆరోగ్యబీమా కల్పింపవలెనని తీర్మానించినది. కుటుంబమొక్కంటికి సంవత్సరమునకు రు. 25 లక్షల వఱకు ఉచితచికిత్స లభించుననియు, అందు మొదటి రెండున్నర లక్షల భారమును బీమా కంపెనీలును, ఆపై భారమును ఎన్.టి.ఆర్. వైద్యసేవ ట్రస్టును వహించుననియు ప్రకటించిరి. లబ్ధి పొందవలసిన కుటుంబములు 1 కోటి 63 లక్షలని లెక్క. ధనిక దరిద్ర భేదము పాటింపక వైద్యము నందింపవలెనను సంకల్పము శ్లాఘనీయము. అయినను మంత్రివర్గ తీర్మానము వేఱు, ప్రజల హక్కు వేఱు. మొదటిదానిని రెండవదానిగా మార్పగల అధికారము శాసనసభకు గలదు. అనకాపల్లి, చోడవరము, మాడుగుల, యలమంచిలి, పాయకరావుపేట, నర్సీపట్నము ప్రతినిధులు పక్షభేదములను విడిచి ఈ కార్యమునకు పూనుకొనవలయునని మా విన్నపము.

వైద్యవ్యయము మన సంసారములను కూల్చు తీరు ఎల్లరకును విదితమే. రెండెకరముల చెఱకు పొలమును, చిన్న పెంకుటిల్లును గల రైతు అనుదిన జీవనమునకు ఎవరి యెదుటను చేయి చాపడు. అట్టి యింట నొకరికి గుండెజబ్బో, మూత్రపిండముల వ్యాధియో, క్యాన్సరో కనిపించినచో సర్వము తలక్రిందులగును. మొదట బంగారము తాకట్టునకు పోవును; పిదప చేబదులు, ఆపై వడ్డీ యప్పు, తుదకు పొలము. రోగి కోలుకొన్నను సంసారము కోలుకొనదు. పంట పోయిన రైతునకు మఱుసటి యేటిపై నాశ యుండును. పొలమే పోయినవానికి ఆ యాశయు నుండదు. 2014–15లో దేశమున ఆరోగ్యమునకై వ్యయమైన ప్రతి నూఱు రూపాయలలో దాదాపు 63 రూపాయలు ప్రజలు తమ చేతినుండి ఇచ్చుకొన్నవే. 2021–22 నాటికి అది 39 రూపాయలకు దిగినదని కేంద్రప్రభుత్వపు జాతీయ ఆరోగ్య లెక్కలు తెలుపుచున్నవి. తగ్గుట సంతోషకరమే గాని, ఆ 39 రూపాయల భారము ఆరోగ్యవంతులపై గాక, సంపాదన నిలిచిపోయిన రోగిపైననే పడుచున్నదని మఱువరాదు.

ఈ బీమా బీదవారికి గదా, మనకేల యని కొందఱు భూస్వాములును పట్టణవాసులును తలంచుచున్నారు. సొంతముగా బీమా కొనుక్కొనగలమని వారి ధీమా. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్యబీమాపై జి.ఎస్.టి. తొలగిన మాట నిజమే. కాని వయస్సు పెరిగిన కొలది ప్రీమియము పెరుగును. అంతకుముందే యున్న జబ్బునకు కొంతకాలము గడచినగాని సొమ్ము రాదు. అవసరము హెచ్చగు ముసలితనముననే అట్టి బీమా కొనుట కష్టతరమగును. అందఱును చేరిన బీమాయందు ఆరోగ్యవంతుడు రోగిని మోయును, యువకుడు వృద్ధుని మోయును. నేటి దాత రేపటి గ్రహీత యగును. ఇది దానము కాదు, పరస్పర రక్షణము. మఱియొక విషయము గలదు. బీదలకు మాత్రమే యుద్దేశింపబడిన సేవ కాలక్రమమున బీదసేవగనే మిగులును. మాట చెల్లుబడి గలవారును అదే వరుసలో నిలిచిననాడే ఆసుపత్రిలో మంచము దొరకుచున్నదా, మందు దొరకుచున్నదా యని అడుగువా రుందురు.

ఇది మన దేశమునకు క్రొత్త తలంపు కాదు. జర్మనీ 1883లోనే కార్మికులకు రోగబీమా నేర్పరచినది. జపాను 1938లో గ్రామీణులను దృష్టియందుంచుకొని బీమా శాసనము చేసి, 1961 నాటికి ప్రజలందఱిని అందు చేర్చుకొన్నది. బ్రిటను 1948 జూలై 5న పన్నుల సొమ్ముతో నడచు జాతీయ ఆరోగ్యసేవను ప్రారంభించినది. సంపన్న దేశములకే యిది సాధ్యమను వాదమును థాయిలాండు 2002లో శాసనముచే ఖండించినది. మన దేశమున సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతను వెలసిన సంఘము 1946లోనే, సొమ్ము చెల్లింపలేని కారణమున ఎవరికిని వైద్యము అందకపోరాదని సిఫారసు చేసినది. 1948లో కార్మిక రాజ్యబీమా శాసనము వచ్చినది. నేటికిని యజమాని నూటికి 3.25 వంతునను, కార్మికుడు 0.75 వంతునను జీతమునుండి చెల్లింపగా ఆ బీమా నడచుచున్నది.

కాని దాని పరిధి యెంత? పదిమందికి తక్కువ కాని పనివారున్న సంస్థలలో, ఒక మితికి లోబడిన జీతగాండ్రకే అది చెల్లును. పరవాడ, అచ్యుతాపురము కర్మాగారములలోని కార్మికునకు ఆ నీడ కొంత దొరకవచ్చును. చెఱకు నఱకు కూలికి, పొయ్యివద్ద నిలిచి రసము మరిగించి బెల్లము వండువానికి, మండీలో దిమ్మలు మోయువానికి, కౌలుదారునకు ఆ నీడ ఎక్కడిది? అనకాపల్లి బెల్లమునకు దేశమెల్ల పేరు. దానిని వండు చేతులకు మాత్రము రక్షణ లేదు. అందఱికిని బీమా యనునది వీరిని చేర్చుకొనినప్పుడే సార్థకము.

మన రాష్ట్రానుభవము ఈ విషయమున మంచి గురువు. 2007 ఏప్రిలు 1న శ్రీకాకుళము, అనంతపురము, మహబూబునగరము జిల్లాలలో ఆరోగ్యశ్రీ ప్రారంభమయ్యెను. మొదట బీమా కంపెనీద్వారా నడచి, పిదప ట్రస్టు నేరుగా చెల్లించు పద్ధతికి మారెను. 2018 సెప్టెంబరు 23న కేంద్రప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకమును తెచ్చెను. వీనివలన కార్పొరేటు ఆసుపత్రి గడప తొక్కుటకైన సాహసింపని పేదలకు గుండె శస్త్రచికిత్సలు జరిగినవి. ఈ మేలును కాదనుట కృతఘ్నత. అయినను లోపములను దాచుట హితము కాదు. ప్రభుత్వము మారినపుడెల్ల పథకము పేరు మారెను. బకాయిలు పేరుకొనగా 2025 అక్టోబరు 10 నుండి కొన్నాళ్లు ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలను నిలిపివేసినవి. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత ఇచ్చట అక్షరాల సరిపోయినది. ప్రభుత్వము కార్డు నిచ్చెను, ఖజానా సొమ్ము నీయలేదు. నడుమ నలిగినవాడు రోగి. ఇదిగాక, ఈ పథకములు ముఖ్యముగా ఆసుపత్రిలో చేరినవారికే ఉపకరించుచున్నవి. రక్తపుపోటునకు, మధుమేహమునకు నెలనెల కొనవలసిన మాత్రల వ్యయము చాపక్రింది నీరువలె సంసారమును తినివేయుచున్నది. ఆ మాత్రలు మానినవాడే తుదకు పక్షవాతముతో ఆసుపత్రికి చేరును.

కావున మన శాసనసభ్యులు సభలో సాధింపవలసినవి కొన్ని కలవు. మొదటిది, ఈ బీమాకు శాసనరూపము. 2023లో రాజస్థాను ఆరోగ్యహక్కు శాసనమును చేసి మార్గము చూపినది. ప్రభుత్వపు టుత్తరువు ఇంకొక యుత్తరువుతో రద్దగును. శాసనమును రద్దు చేయవలెనన్న సభ యెదుట సమాధానము చెప్పవలెను. శాసనమున ఏ నాయకుని పేరును ఉండనక్కఱలేదు. రెండవది, ఆసుపత్రుల బిల్లులకు గడువును, గడువు మీఱిన వడ్డీయును, దీనికై ప్రత్యేకనిధియును విధింపవలెను. మూడవది, బీమా కంపెనీ చికిత్సకు సమ్మతింపనిచో వెంటనే విచారించి తీర్పు చెప్పు అధికారి జిల్లాలోనే యుండవలెను. లాభమునకై పనిచేయు కంపెనీ కాదనుటకు కారణములు వెదకుట సహజము. వెదకనీయకుండుట శాసనకర్తల పని. నాలుగవది, దీర్ఘవ్యాధుల మందులు ప్రాథమిక ఆరోగ్యకేంద్రముననే ఉచితముగా, నాగా లేక లభింపవలెను. ఐదవది, వసూలైన దెంత, చెల్లించిన దెంత, నిరాకరించిన వెన్ని యను లెక్క ఏటేట సభ యెదుట నుంచవలెను.

వీనియన్నింటికి మూలము ఆసుపత్రి. కార్డు రోగిని పరీక్షింపదు, సూది వేయదు. అనకాపల్లి ఎన్.టి.ఆర్. ఆసుపత్రిలో తగినంతమంది వైద్యులును పరికరములును లేకున్నచో, బీమా యున్నను రోగి విశాఖపట్టణమునకు పరుగెత్తక తప్పదు. 1923లో వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రి ఉత్తరాంధ్ర భారమునెల్ల ఎంతకాలము మోయగలదు? నర్సీపట్నమునకు చేరువను మాకవరపాలెము మండలమున తలపెట్టిన వైద్యకళాశాల పేదవాని కందుబాటులో నుండునట్లు చూచుటయు మన ప్రతినిధుల బాధ్యతయే. బీమా సొమ్మంతయు ప్రైవేటు ఆసుపత్రులకు ప్రవహించి ప్రభుత్వాసుపత్రులు ఎండిపోవునను భయము నిరాధారము కాదు. ఆ సొమ్ములో తగిన భాగము ప్రభుత్వాసుపత్రులకే చేరునట్లు నియమము చేయుటయే దానికి విరుగుడు. బీమానే మానుకొనుట విరుగుడు కాదు.

ఇంత సొమ్మెక్కడిదని అడుగువారు కలరు. అడుగవలసిన ప్రశ్నయే. రాష్ట్రములు తమ బడ్జెటులో నూటికి ఎనిమిది వంతులకు తక్కువ కాకుండ ఆరోగ్యమునకు వెచ్చింపవలెనని 2017 నాటి జాతీయ ఆరోగ్యవిధానము నిర్దేశించినది. ఆ ప్రమాణమును శాసనసభ్యులు ప్రతి బడ్జెటు సమయమునను మంత్రులకు జ్ఞప్తిచేయవలెను. సొమ్ము లేని బీమా చమురు లేని దీపము. అంతేకాదు, వ్యయము ఇప్పుడును జరుగుచునే యున్నది. ప్రభుత్వము వెచ్చింపని రూపాయిని రైతు పొలమమ్మి వెచ్చించుచున్నాడు. ఆ భారమును అందఱు పంచుకొందురా, రోగి యొక్కడే మోయవలెనా యనునదే నేటి ప్రశ్న.

పాఠకులకొక మనవి. వీధిదీపమునకు, రోడ్డునకు ప్రతినిధులను నిలదీయుట మన మెఱుగుదుము; వైద్యమునకై నిలదీయుట ఇంకను అలవాటు కాలేదు. కొత్త అమావాస్యకు నూకాంబిక సన్నిధికి వచ్చు ప్రతినిధులను, గ్రామమునకు వచ్చు ప్రతినిధులను ఒక్కటే అడుగుడు: “ఆరోగ్యబీమా శాసనమునకై మీరు సభలో ఏమి పలికితిరి?” ఈ ప్రశ్న పదిచోట్ల వినబడెనేని సభలో దాని ప్రతిధ్వని వినబడక మానదు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట వివేకము కాదు. ఇంట రోగము లేనప్పుడే దీనికై పాటుపడవలెను. రోగము వచ్చిననాడు పాటుపడుటకు తీరికయు నుండదు, ఓపికయు నుండదు.