పాత ఉత్తరములను లెక్క చూచి దాటించుకొనవలెను

మన సంఘీయుల కార్ఖానాలలోను, సహకార సంఘముల కార్యాలయములలోను కంప్యూటర్లు మారుచున్నవి. విండోస్ 10కు మైక్రోసాఫ్టు కంపెనీవారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఆఫీస్ 2016, ఆఫీస్ 2019, వానితో వచ్చిన ఔట్‌లుక్ కూడ అదే దినమున ఆ వరుసలో చేరినవి. పాత యంత్రములలో చాలవాటికి విండోస్ 11ను మోయు శక్తి లేదు. కనుక కొత్తది కొనక తప్పుట లేదు. దీనిని మేము ఆక్షేపించుట లేదు. రక్షణ లేని యంత్రముమీద బ్యాంకు వ్యవహారములు నడుపుటకంటె కొత్తది కొనుటయే మేలు. అయితే కొత్త యంత్రము వచ్చిన సంతోషములో, పాతదానిలోని ఈ-మెయిలు ఉత్తరములు ఏమైనవని అడుగువారు కనబడుట లేదు. మా ఆందోళన అది.

మన పెద్దలు చిట్టా, ఆవర్జాలను ఎర్రగుడ్డలో చుట్టి ఇనుపపెట్టెలో పెట్టెడివారు. ఇల్లు మారినపుడు మొదట బండి ఎక్కునది ఆ మూటయే. నేడు ఆర్డరు వచ్చునది మెయిలుమీదనే, ధర తేలునది మెయిలుమీదనే. రంగు నమూనాకు అంగీకారము, నూలు మిల్లువారి కొటేషను, బ్యాంకువారి నోటీసు, అన్నియు అందులోనే. అయినను ఆ పెట్టెను చిట్టా అని భావించుట మనకింకను అలవాటు కాలేదు. దానిని దుకాణపు కుర్రవానికి అప్పగించి, మనము టీ త్రాగుటకు పోవుచున్నాము.

మా ఎరుకలోని సంగతి ఒకటి చెప్పెదము. షోలాపురములో తువాళ్లు నేయించు సభ్యులొకరికి ఒక కొనుగోలుదారు, మొదట అనుకొన్న నీలముకంటె కొంచెము ముదురు నీలము అయినను సమ్మతమేనని మెయిలు వ్రాసినారు. సరుకు చేరిన రెండు నెలలకు, రంగు తేడా అని చెప్పి బిల్లులో కోత వేసినారు. ఆ మెయిలు చూపుదమన్న చేతిలో లేదు. అంతకు మూడు వారముల ముందే కంప్యూటరు మార్చినారు. మార్చిన కుర్రవాడు పాత డిస్కును తుడిచివేసి, యంత్రమును మరియొకరికి అమ్మివేసినాడు. “మెయిలు ఇంటర్నెట్టులో ఉండును గదా” అని అతని సమాధానము. వెదకిరి. అక్కడ లేదు. కోతకు ఒప్పుకొనక తప్పినది కాదు.

ఆ కుర్రవానిని నిందించి లాభము లేదు. మెయిలు ఎక్కడ నిలువయుండునో యజమానికే తెలియనపుడు అతనికి తెలియునా? మెయిలు తెచ్చుకొను పద్ధతులు ముఖ్యముగా రెండు. పాప్ అను పద్ధతిలో, పోస్టాఫీసునుండి ఉత్తరమును ఇంటికి తెచ్చుకొన్నట్లే, సర్వరునుండి మన యంత్రములోనికి దించుకొందుము. సర్వరులోని ప్రతి వెంటనే గాని, ఏర్పాటునుబట్టి కొన్ని దినముల తరువాత గాని పోవును. ఐమ్యాప్ అను పద్ధతిలో అసలు ఉత్తరము సర్వరులోనే ఉండును. మన యంత్రములోనిది నకలు. పాత కార్యాలయములు అనేకము నేటికిని పాప్ పద్ధతిలోనే నడచుచున్నవి. ఇందులో ఒక మెలిక కలదు. పాప్ దించునది వచ్చిన ఉత్తరములను మాత్రమే. సర్వరులో ప్రతి ఉంచుమని ఏర్పాటు చేసికొన్నను, ఆ ప్రోగ్రామునుండి మనము పంపిన ఉత్తరములు, ఖాతాదారు వారీగా మనము వేరుచేసికొన్న కట్టలు మన యంత్రములోనే ఉండును. మనము ఏ ధర చెప్పితిమో, ఏ గడువు కోరితిమో తెలుపు సాక్ష్యము ఆ పంపిన ఉత్తరములే. యంత్రమును తుడిచిన అవి ఎక్కడను దొరకవు.

ఇక యంత్రములో ఎక్కడ? ఔట్‌లుక్ వాడువారికి పి.ఎస్.టి. అను ఫైలులో. 2010 నాటి ఔట్‌లుక్ నుండి ఇది సాధారణముగా డాక్యుమెంట్స్‌లోని ‘ఔట్‌లుక్ ఫైల్స్’ అను అరలో ఉండును. అంతకుముందు వానిలో కంటికి కనబడని అరలలో దాగియుండును. డెస్కుటాపుమీది కాగితములు, ఫొటోలు మాత్రము ఎత్తుకొని వచ్చువారికి అది చిక్కదు. ఓ.ఎస్.టి. అను మరియొక ఫైలు కలదు. అది సర్వరులోని దానికి నకలు మాత్రమే. దానిని మోసికొని పోయి కొత్త యంత్రములో తెరవజూచుట వ్యర్థప్రయాస. థండర్‌బర్డ్ వాడువారికి ప్రొఫైల్ అను అర మొత్తము కావలెను.

కొత్త వెర్షనుతో వచ్చు చిక్కులు మరికొన్ని. ఔట్‌లుక్ 97 మొదలు 2002 వరకు తయారైన పి.ఎస్.టి. ఫైలు 2 జీబీకి మించి పట్టదు. నిండిన పిదప చెడును. ఔట్‌లుక్ 2003లో కొత్త రకము ఫైలు వచ్చి ఆ హద్దు 20 జీబీ అయినది. 2010లో 50 జీబీ అయినది. అయితే పాత ఫైలును కొత్త ఔట్‌లుక్‌లో తెరచినంత మాత్రమున అది కొత్తరకము కాదు, పాత హద్దు దానితోనే వచ్చును. కొత్త ఫైలొకటి సృష్టించి, పాత ఉత్తరములను అందులోనికి దిగుమతి చేసికొనవలెను. ఇరువది ఏండ్ల ఫైలునే మోయుచున్నవారు ఇది గమనింపవలెను. అట్లే ‘కొత్త ఔట్‌లుక్’ అను పేరుతో 2024లో విడుదలైన ప్రోగ్రాములో మొదట పి.ఎస్.టి. ఫైలును తెరచు వీలే లేదు. తరువాత కొంచెము కొంచెముగా చేర్చినారు. పేరు ఒకటైనంత మాత్రాన పని ఒకటే అనుకొనరాదు. థండర్‌బర్డ్ విషయము వేరు. కొత్త వెర్షనుతో ఒకసారి తెరచిన ప్రొఫైలును పాత వెర్షను మామూలుగా తెరవనొల్లదు. అనగా ముందుకు పోవుట సులభము, వెనుకకు వచ్చుట కష్టము. అందుచేత ఉన్న ఒక్క ప్రతిని కొత్తదానితో ఎన్నడును తెరవరాదు.

నేతపనివారికి ఈ జాగ్రత్త ఒకరు నేర్పవలసినది కాదు. మగ్గముమీది పడుగు ముగియవచ్చినపుడు మనము పాత పోగులను అచ్చులోనుండి లాగి పారవేయుట లేదు. పాత కొసలను అచ్చులోనే నిలిపి, కొత్త పడుగును పోగు పోగుకు అతుకుదుము. అతుకు అంతయు ముగిసి, తెగినది లేదని చూచిన పిదపనే ముందుకు జరుపుదుము. మెయిలు విషయములోను చేయవలసినది ఇంతే.

మొదట, పాత యంత్రముమీద కూర్చుండి ఒక కాగితముమీద వ్రాసికొనవలెను: ఏయే మెయిలు ఖాతాలు కలవు, అవి పాప్ పద్ధతివా ఐమ్యాప్ పద్ధతివా, ఏయే అరలు కలవు, ఒక్కొక్క అరలో ఎన్ని ఉత్తరములు, అన్నిటికంటె పాత ఉత్తరపు తేదీ ఏది. అరగంట పని. ఈ కాగితము లేనిదే తరువాత సరిచూచుటకు ఆధారమే ఉండదు.

రెండవది, మెయిలు ప్రోగ్రామును పూర్తిగా మూసి, ఫైళ్లను రెండు విడి డిస్కులలోనికి ఎత్తవలెను. తెరచియుండగా ఎత్తిన ఫైలు సరిగా రాకపోవచ్చును. ఆ డిస్కులలో ఒకటి కార్యాలయములోను, రెండవది వేరొక ఇంటిలోను ఉండవలెను. ఒకే బీరువాలోని రెండు ప్రతులు అగ్నికి ఒక్కటే.

మూడవది, కొత్త యంత్రములో ఆ ప్రతులకు మరియొక నకలు తీసి, ఆ నకలును మాత్రమే తెరవవలెను. ఫైలును నెట్‌వర్కుమీద వేరొక యంత్రములో ఉంచి నేరుగా తెరచి పనిచేయుట తగదు. అట్టివి చెడిపోవుట కలదు.

నాలుగవది, కాగితము ముందు పెట్టుకొని అర అరకు లెక్క సరిచూడవలెను. పంపిన ఉత్తరముల అరను మరువరాదు. పాతవి పది, కొత్తవి పది తెరచి, జతపరచిన బిల్లులు, నమూనా ఫొటోలు తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. చిరునామాల పట్టిక వేరుగా వచ్చినదో లేదో చూడవలెను. అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లతో వ్రాసిన తెలుగు కాగితములు కొత్త యంత్రములో అర్థము లేని గుర్తులుగా కనబడవచ్చును. అవి చెడిపోయినవని పారవేయరాదు. ఆ ఫాంటును కూడ తెచ్చుకొన్నచో చదువుకొనవచ్చును. మన సభ్యుల పాత జాబితాలు, పాత తీర్మానములు అనేకము ఆ ఫాంట్లలోనే ఉన్నవి.

అయిదవది, పాత డిస్కును మూడు నెలలైనను తుడువరాదు. ఈలోపల రెండు మూడు బిల్లుల వ్యవహారములు, జి.ఎస్.టి. రిటర్నులు జరుగును. లోపమున్న అప్పుడు బయటపడును. ఆ తరువాత పూర్తిగా తుడిపించియే అమ్మవలెను. అందులో మన బ్యాంకు వివరములు కలవు.

కొందరు అన్నిటిని కొత్త చిరునామాకు ఫార్వర్డు చేసికొని దాటించితిమని అనుకొందురు. అది దాటించుట కాదు. ఫార్వర్డు చేసిన ఉత్తరము మన పేర, నేటి తేదీతో పుట్టిన కొత్త ఉత్తరము. అసలు ఏ సర్వరునుండి ఏ గడియలో వచ్చినదో తెలుపు తలకట్టు సాధారణముగా దానితో రాదు. కాగితముమీద అచ్చు తీసినను ఇదే లోపము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము, కంప్యూటరులోని రికార్డును కోర్టులో చూపుటకు సర్టిఫికెట్టు జతపరుపవలెను. పూర్వపు చట్టము క్రింద అట్టి సర్టిఫికెట్టు తప్పనిసరియని సుప్రీంకోర్టు 2020లోనే తేల్చినది. అసలు రికార్డు మన చేత లేనపుడు దేనికి సర్టిఫికెట్టు ఇయ్యగలము?

చట్టము మనకు చేయు మేలును కూడ తెలిసికొనవలెను. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ప్రకారము సూక్ష్మ, చిన్న కార్ఖానాల సరుకుకు ఒప్పుకొన్న గడువులో, ఎంతయైనను 45 దినములు మించకుండ సొమ్ము ముట్టవలెను. మించినచో బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. సరుకు అందిన 15 దినములలో కొనుగోలుదారు వ్రాతమూలముగా ఆక్షేపణ తెలుపనిచో, అందిన దినముననే అంగీకరించినట్లు లెక్క. పైన చెప్పిన మా సభ్యునికి రెండు నెలలకు గాని ఆక్షేపణ రాలేదు. అంతకుముందు ఏ ఆక్షేపణయు రాలేదని చూపుటకు కావలసినది ఒక్క ఉత్తరము కాదు, తెగని ఉత్తరముల వరుస. అది ఉన్నచో ఆయన ఫెసిలిటేషను కౌన్సిలుకు ధైర్యముగా పోయియుండెడివారు. జి.ఎస్.టి. చట్టము కూడ, వార్షిక రిటర్ను గడువు తేదీనుండి 72 నెలలు లెక్కలు భద్రపరుపవలెనని విధించినది. బిల్లులు మెయిలు జతలుగానే వచ్చు ఈ దినములలో మెయిలు పెట్టె పోయిన, ఆ లెక్కలలో కొంత పోయినట్లే.

“ఇప్పుడంతయు వాట్సాప్ గదా, మెయిలు ఎవరు చూతురు?” అని కొందరందురు. బేరము వాట్సాప్‌లో జరుగవచ్చును. ఎగుమతిదారు, బ్యాంకు, ప్రభుత్వ కార్యాలయము వ్రాయునది నేటికిని మెయిలే. “గూగులులో ఉన్నది, మాకు భయము లేదు” అని మరికొందరందురు. ఉచిత ఖాతాలో చోటు 15 జీబీ మాత్రమే. రెండేండ్లు వాడక విడిచిన వ్యక్తిగత ఖాతాలను తొలగింతుమని గూగులువారు 2023లో ప్రకటించియే యున్నారు. ఐమ్యాప్‌లో ఇక్కడ తుడిచినది అక్కడను పోవునని కూడ మరువరాదు. పరుల ఇంట దాచిన వస్తువునకు మన ఇంట ఒక ప్రతి ఉండుట తప్పు కాదు.

సహకార సంఘములలో ఇంకొక లోపమును చూచుచున్నాము. సంఘము మెయిలు కార్యదర్శిగారి సొంత పేరనో, వారి అబ్బాయి ఫోనుమీదనో ఉండును. ఎన్నికలు జరిగి కార్యవర్గము మారును. సీలు, చెక్కుబుక్కు, మినిట్సు పుస్తకము అప్పగింతురు. మెయిలు మాత్రము పాతవారి వద్దనే నిలిచిపోవును. వారి దురుద్దేశము కాదు, అడిగినవారు లేరు. అప్పగింత జాబితాలో మెయిలు ఖాతా, దాని పాస్‌వర్డు, నిలువ డిస్కులు చేర్చుచు ప్రతి సంఘము ఒక తీర్మానము చేయవలెను.

మా సంఘమునకును బాధ్యత కలదు. పేట పేటకు ఇద్దరు యువకులకు, లెక్కలు చూచు మన ఆడపడుచులకు ఈ పని నేర్పించుట, డిస్కు కొనలేని చిన్న కార్ఖానాలకు పని ముగియువరకు డిస్కు ఎరువిచ్చుట, యజమాని సంతకము లేనిదే పాత డిస్కును తుడువమని దుకాణదారులతో మాట తీసికొనుట — ఈ మూడును మన శక్తికి మించినవి కావు. షోలాపురపు దుప్పట్లవారైనను, భీవండి మరమగ్గములవారైనను, బరంపురపు పట్టు నేతవారైనను అందరికి ఇది ఒక్కటే అవసరము. రాబోవు సర్వసభ్య సమావేశములో దీనిని చర్చకు పెట్టవలెనని మా మనవి.

అంతవరకు, కొత్త యంత్రము కొన్న సభ్యులు పాతదానిని మూలకు చేర్చుటకు ముందు ఆ లెక్కల కాగితమునైనను వ్రాసికొందురు గాక. లెక్క కుదిరినదని తమ కంటితో చూచిన పిదపనే దుకాణపు కుర్రవానికి సెలవిత్తురు గాక.