దండము, దానము: డి. వి. గుండప్పగారి పత్రికా జీవితము

పత్రికలను లోబరచుకొనుటకు ప్రభుత్వములకు రెండు మార్గములు కలవు. ఒకటి దండము, రెండవది దానము. దండమును గూర్చి మనవారు చాల వ్రాసిరి. జరిమానాలు, జప్తులు, కారాగారవాసములు లోకమునకు కనబడును గనుక ప్రజలు ఆగ్రహింతురు. దానము చాటున జరుగు వ్యవహారము. దానిని పుచ్చుకొన్న పత్రిక తన మౌనమునకు కారణము చెప్పదు, చదువరి అడుగడు. ఈ రెండింటిని ఎదుర్కొని, రెండింటికిని లొంగక నిలిచిన సంపాదకులొకరు కోలారు సీమలో పుట్టిరి. వారి చరిత్రము నేటి పత్రికాధిపతులకును, పాఠకులకును విచారణీయమని మేము తలచుచున్నాము.

దేవనహళ్లి వెంకటరమణయ్య గుండప్పగారు 1887వ సంవత్సరము మార్చి 17వ తేదీన ముళబాగిలులో జన్మించిరి. ముళబాగిలనగా మైసూరు రాజ్యమునకు తూర్పు వాకిలి; అది దాటినచో చిత్తూరు సీమ. కోలారు, తమక, ముళబాగిలు ప్రాంతములలో ఇంట తెలుగు, బడిలో కన్నడము అనునది నేటికిని అనేక కుటుంబముల వాడుక. కావున కన్నడదేశము 'డి. వి. జి.' యని మూడక్షరములతో పిలుచుకొను ఈ మహనీయుడు మనకు పరాయివాడు కాడు. ఆయన మెట్రిక్యులేషను పరీక్షలో తప్పిరి. పట్టము లేదు, సిఫారసు లేదు. బ్రతుకుతెరువు వెదకుకొనుచు కోలారు బంగారు గనులలో ఒక సోడా కర్మాగారమున కొంతకాలము చిన్న కొలువు చేసిరి. 1880 నుండి జాన్ టెయిలరు కంపెనీవారు త్రవ్వించుచుండిన గనులవి. వాని కొరకు 1902లో శివసముద్రము నుండి 147 కిలోమీటర్ల దూరము విద్యుచ్ఛక్తిని తెచ్చిరి. అంతటి ఐశ్వర్యమున ఆ సీమబిడ్డకు దక్కినది సోడాబుడ్ల లెక్క. అచటినుండి బెంగళూరు చేరి, జట్కాబండ్లకు రంగులు వేయు చోట కొన్నాళ్లు గడిపి, తుదకు పత్రికారంగమున ప్రవేశించిరి.

ఆనాటి మైసూరు రాజ్యస్థితిని కొంత చెప్పవలసియున్నది. దివాను రంగాచార్లుగారు 1881లో ప్రజాప్రతినిధి సభను నెలకొల్పిరి. అది మనవులు చెప్పుకొను సభయే గాని శాసనములు చేయు సభ కాదు. కావున ప్రభుత్వమును ప్రశ్నించు భారము చాలవరకు పత్రికలపై పడెను. ఆ ప్రశ్నలు సహింపరానివి కాగా 1908లో, దివాను వి. పి. మాధవరావుగారి కాలమున, పత్రికా శాసనము వచ్చెను. సర్కారువారి అనుమతి లేనిదే ఎవ్వరును పత్రికను నడపరాదనియు, ఇచ్చిన అనుమతిని సర్కారువారే ఉపసంహరింపవచ్చుననియు దాని సారాంశము. కొన్ని పత్రికలు నిలిచిపోయెను. తిరువాన్కూరులో 1910లో 'స్వదేశాభిమాని' సంపాదకులు రామకృష్ణ పిళ్లగారిని దేశమునుండి వెడలగొట్టి, వారి ముద్రణాలయమును జప్తు చేసిరి. సంస్థానములలో కలము పట్టినవాని స్థితి అట్టిది.

ఇట్టి కాలమున, 1913లో, గుండప్పగారు 'కర్ణాటక' యను ఇంగ్లీషు పత్రికను వారమునకు రెండుమారులు వెలువరింప నారంభించిరి. అప్పటికి విశ్వేశ్వరయ్యగారు దివాను పదవికి వచ్చి కొలది నెలలే అయ్యెను. అసలు పరీక్ష ఇచటనే యున్నదని మా అభిప్రాయము. క్రూరుడైన దివానును విమర్శించుటకు ధైర్యము చాలును. సజ్జనుడు, దేశహితైషి, తన్ను ఆదరించువాడు దివాను అయినపుడు విమర్శించుటకు ధైర్యముతోపాటు వివేకమును, నిర్లోభమును కావలయును. గుండప్పగారు విశ్వేశ్వరయ్యగారి సంకల్పములను మనఃపూర్వకముగా మెచ్చుకొనిరి. లోపములుగా తోచినవానిని చెప్పుటయు మానలేదు. ఇట్లు చేయగలుగుటకు కారణము, వారి చేయి ఎవరియెదుటను చాచబడకుండుటయే. ప్రభుత్వకార్యముల నిమిత్తము తమకు వచ్చిన చెక్కులను వారు మార్చుకొనక పెట్టెలో పడవేసిరనియు, మరణానంతరమే అవి బయటపడెననియు కన్నడదేశమున నేటికిని చెప్పుకొందురు.

'కర్ణాటక' 1921లో ఆగిపోయెను. సంపాదకుని పని ఆగలేదు. 1928లో పత్రికావృత్తిని గూర్చి 'వృత్తపత్రికె' యను గ్రంథమును కన్నడమున ప్రకటించిరి. సంస్థాన ప్రజల రాజ్యాంగ స్థానమును గూర్చి 1931లో ఇంగ్లీషున గ్రంథము వ్రాసిరి. అనేక సంవత్సరములు మైసూరు శాసనసభా సభ్యులుగా నుండిరి. 1945లో గోఖలేగారి పేరట బెంగళూరున ప్రజావ్యవహారముల సంస్థను స్థాపించి, పౌరవిద్యకై తుదివరకు పాటుపడిరి. 1943లో వెలువడిన 'మంకుతిమ్మన కగ్గ' కవిగా వారికి శాశ్వతకీర్తిని తెచ్చెను. 1970లో బెంగళూరు పౌరులు లక్ష రూపాయల నిధిని సమర్పింపగా, దానిని ఆ సంస్థకే ఇచ్చివేసిరి. 1974లో పద్మభూషణ బిరుదము వచ్చెను. 1975 అక్టోబరు 7న వారు కీర్తిశేషులైరి.

ఇచట నొక ఆక్షేపణ కలదు. ఇంత నిష్ఠతో నడపిన పత్రిక ఎనిమిదేండ్లకే నిలిచినపుడు, ఆ నిష్ఠవలన ఫలమేమి? నిలువజాలని స్వాతంత్ర్యము ప్రజల కెట్లు ఉపకరించును? ఈ ప్రశ్నను త్రోసిపుచ్చుటకు వీలులేదు. పత్రిక ధర్మముచేత పుట్టినను కాగితము, సిరా, కూలి డబ్బుచేతనే వచ్చును. తెలుగువారిలో దీనికొక సమాధానము చెప్పినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. వారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిరి. 1908లో అచటనే 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసున దినపత్రికగా మార్చిరి. తలనొప్పి మందు లాభము పత్రికను పోషించెను. ఒకరు నిర్ధనులై స్వతంత్రులైరి. మరియొకరు ధనార్జనముచేత స్వతంత్రులైరి. కాని గమనింపదగిన దేమనగా, అమృతాంజనమును ప్రజలు కొనిరి. అది అమ్ముడుపోవుటకు మంత్రుల దయ అక్కరలేదు. నేటి పత్రికాధిపతులలో పలువురకు గల ఇతర వ్యాపారములు గనులు, భూములు, రోడ్ల కంట్రాక్టులు. అవి ప్రభుత్వముల అనుమతిపై ఆధారపడినవి. నాగేశ్వరరావుగారి ఉపాయము రూపము మారక, ఫలము తలక్రిందులైనది.

న్యాయశాస్త్రము మనల నెంతవరకు కాపాడును? పత్రిక పుటల సంఖ్యను, వెలను ప్రభుత్వము నిర్ణయించు చట్టమును సుప్రీంకోర్టువారు 1961లో సకాల్ పత్రికల వ్యాజ్యమున కొట్టివేసిరి. పత్రిక వ్యాప్తిని తగ్గించుటయు వాక్స్వాతంత్ర్యమును హరించుటయే యని తీర్పు చెప్పిరి. ప్రభుత్వ ప్రకటనలు ప్రజాధనముతో నాయకుల స్తోత్రపాఠములు కారాదని 2015లో నియమములు విధించిరి. మరుసటి యేడే ముఖ్యమంత్రులకును, మంత్రులకును చిత్రపటముల విషయమున సడలింపు నిచ్చిరి. శాసనములు దండమును అడ్డగింపగలవు. ఇచ్చెడు బహుమానమును సంపాదకుని పక్షమున నిరాకరింపగల న్యాయస్థానము ఎచటను లేదు. ఆ పని సంపాదకుడే చేయవలెను.

గుండప్పగారివలె అందరును పెట్టెలో చెక్కులు పడవేయవలెనని మేము కోరము. వందలకొలది పనివారికి జీతములిచ్చు సంస్థ అట్లు నడువజాలదు. కాని రెండు పనులు చేయుట అసాధ్యము కాదు. మొదటిది, ప్రతి పత్రికయు కేంద్ర రాష్ట్ర ప్రభుత్వముల ప్రకటనలవలన ఏటేట తనకు వచ్చిన సొమ్మును, యజమానులకు గల ఇతర వ్యాపారములను, తన పుటలలోనే పాఠకులకు తెలుపవలెను. ఎవరి ఉప్పు తినుచున్నదో తెలిసిన పిమ్మట దాని మాటకు విలువ కట్టుట పాఠకుని వంతు. రెండవది పాఠకుల ధర్మము. పత్రిక తయారగుటకు పట్టు ఖర్చులో స్వల్పభాగమే తాము చెల్లించి, మిగిలినది మరియెవరో చెల్లించుచుండగా, అది తమ పక్షమున మాటలాడవలెనని కోరుట న్యాయము కాదు. వెల పెంచిన దినముననే చందా మానుకొను పాఠకుడు, ఆ పత్రికను దానమిచ్చువాని చేతిలో పెట్టుచున్నాడు. సంపాదకుని నిర్లోభత్వము ఎంత గొప్పదైనను, దానికి చందాదారుల అండ లేనిచో ఎనిమిదేండ్లకు మించి నిలువదని 'కర్ణాటక' చరిత్రమే చెప్పుచున్నది.